యూకేలో ప్రైవేట్ పార్కింగ్ ఛార్జ్ వచ్చిందా? అప్పీలు ఇలా చేయండి

"సూపర్‌మార్కెట్‌కి వెళ్ళొచ్చాం. పది రోజులకి ఇంటికి ఉత్తరం వచ్చింది. వంద పౌండ్లట, 14 రోజుల్లో కడితే అరవైతో సరిపోతుందట. కట్టేయాలా, వదిలేయాలా?" యూకేలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. వాట్సాప్ గ్రూపుల్లో దీనికి రెండు జవాబులు తిరుగుతుంటాయి. "ఎందుకొచ్చిన గొడవ, కట్టేయ్" అని ఒకరంటారు. "ప్రైవేటు వాళ్ళదేగా, చించి పడేయ్" అని ఇంకొకరు.

మొదటి సలహా వింటే కట్టనక్కర్లేని డబ్బు పోవచ్చు. రెండోది అంతకన్నా ప్రమాదం. కారు ఎవరు నడిపారో కంపెనీ నిరూపించలేకపోతే వ్యవహారం అక్కడితో ఆగిపోయే రోజుల్లో పుట్టిన సలహా అది. 2012 అక్టోబర్ 1న ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్‌లోని షెడ్యూల్ 4 అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి, కొన్ని షరతులు పాటిస్తే, కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ దగ్గరే, అంటే కీపర్ దగ్గరే, కంపెనీ డబ్బు వసూలు చేసుకోవచ్చు. ఆ షరతులు పాటించారా లేదా అన్నదే మీ అప్పీలుకి ఆయువుపట్టు. మీరు ఎంత ఇబ్బందిలో ఉన్నారో చెప్పుకుంటే గెలవరు. తేదీలు, బోర్డులు, కాగితాలు గెలిపిస్తాయి.

కింద చెప్పిందంతా ఇంగ్లాండ్, వేల్స్‌లకే. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లాండ్‌లో షెడ్యూల్ 4 వర్తించదు కాబట్టి అక్కడ లెక్కలు వేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వచ్చిన ఉత్తరం, దాని కవరుతో సహా. ఉత్తరం చేతికందిన తేదీని కవరు మీదే పెన్నుతో రాసుకోండి.
- కారు అద్దానికి టికెట్ అంటించి ఉంటే ఆ టికెట్, దాని ఫోటో.
- కారు వీ5సీ పత్రం, అంటే రిజిస్ట్రేషన్ పత్రం. దాని మీద ఎవరి పేరు, ఏ చిరునామా ఉన్నాయో చూడండి.
- ఆ రోజు షాపు బిల్లు, బ్యాంక్ యాప్‌లో కార్డు చెల్లింపు, పార్కింగ్ యాప్ రసీదు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్ మెసేజ్. ఏవి ఉంటే అవి.
- కారు అద్దెదో లీజుదో అయితే ఆ అగ్రిమెంట్.
- అద్దె ఇంటి పార్కింగ్‌లో టికెట్ వేస్తే టెనెన్సీ అగ్రిమెంట్.

1. ఎవరు పంపారో ముందు చూడండి

అందరూ ఇక్కడే తడబడతారు. కౌన్సిల్ పంపేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెంటినీ పీసీఎన్ అనే అంటారు, చూపుకీ ఒకేలా ఉంటాయి. కౌన్సిల్ నోటీసు మీద కౌన్సిల్ పేరు, దానికి అధికారమిచ్చిన ట్రాఫిక్ చట్టం పేరు ఉంటాయి. అది చట్టబద్ధమైన జరిమానా. దాని అప్పీళ్ళు లండన్‌లో లండన్ ట్రిబ్యునల్స్‌కి, మిగతా ఇంగ్లాండ్‌లోనూ వేల్స్‌లోనూ ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కి వెళ్తాయి. ఈ వ్యాసంలోని వాదనలు అక్కడ పనికిరావు. డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ టోల్ కట్టడం మరచిపోతే వచ్చేది కూడా వేరే రకమే.

ప్రైవేటు కంపెనీ పంపిందైతే అది కేవలం బిల్లు. "మా స్థలంలో మా నిబంధనలకు ఒప్పుకుని ఆగారు, వాటిని తప్పారు, కాబట్టి ఇంత కట్టండి" అని దాని సారం. నేరం కాదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు, పోలీసులకు దీంతో సంబంధం లేదు.

ఉత్తరం అడుగున కంపెనీ ఏ సంఘంలో సభ్యురాలో రాసి ఉంటుంది. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ అయితే రెండో అప్పీలు పోప్లా అనే స్వతంత్ర అప్పీళ్ళ సంస్థకి వెళ్తుంది. ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ అయితే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్‌కి, అంటే ఐఏఎస్‌కి. ఇది ఇప్పుడే రాసి పెట్టుకోండి, 7వ మెట్టులో అవసరం.

2. కంగారులో కట్టొద్దు, డ్రైవర్ ఎవరో రాయొద్దు

డబ్బు కట్టారంటే వ్యవహారం ముగిసినట్టే. ఆ తర్వాత అప్పీలు ఉండదు, డబ్బు వెనక్కి రాదు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. కీపర్‌కి, డ్రైవర్‌కి చట్టంలో బాధ్యతలు వేరు. షెడ్యూల్ 4 షరతులు పాటించకపోతే కంపెనీ కీపర్‌ని అడగలేదు, డ్రైవర్‌నే అడగాలి. ఆ డ్రైవర్ ఎవరో ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలనే చట్టం లేదు. కాబట్టి మీరు రాసే ప్రతి వాక్యంలోనూ "నేను ఆపాను", "నేను షాపులోకి వెళ్ళాను", "నాకు బోర్డు కనిపించలేదు" అనే మాటలు రాకూడదు. "డ్రైవర్ ఆపారు", "డ్రైవర్‌కి బోర్డు కనిపించలేదు" అని రాయండి. ఒక్క "నేను" మీ చేతిలోని గట్టి వాదనని లేకుండా చేస్తుంది. కంపెనీ వెబ్‌సైట్ ఫారంలో "మీరెవరు?" అనే చోట డ్రైవర్, కీపర్ అని రెండు గడులు ఉంటాయి. కీపర్ గడి ఎంచుకోండి.

అలాగని అబద్ధం మాత్రం చెప్పకండి. వేరే ఎవరో నడిపారని కల్పించి రాయడం తప్పు, రేపు కోర్టులో మెడకు చుట్టుకుంటుంది. డ్రైవర్ ఎవరో చెప్పకుండా ఉండటానికీ అబద్ధం చెప్పడానికీ చాలా తేడా ఉంది.

ఒకే కారుని నలుగురు రూమ్మేట్లు వాడుకునే ఇళ్ళలో ఇంకో చిక్కు. ఉత్తరం వీ5సీలో పేరున్న అబ్బాయికి వస్తుంది, నడిపింది వేరొకరు. అప్పీలు ఆ కీపరే చేయాలి. కీపర్ డ్రైవర్ పేరు, చిరునామా ఇస్తే బాధ్యత డ్రైవర్ మీదికి మారిపోతుంది. ఆ పని చేసేముందు మీలో మీరు మాట్లాడుకోండి.

3. షాపు వాళ్ళనే అడిగి చూడండి

అప్పీలు కంటే ముందు ఈ దారి. పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది సూపర్‌మార్కెట్టో, జిమ్మో, హోటలో, ఆస్పత్రో. వాళ్ళు చెబితే కంపెనీ ఛార్జ్ రద్దు చేస్తుంది. బిల్లు తీసుకుని స్టోర్ మేనేజర్ దగ్గరికి వెళ్ళండి, మర్యాదగా అడగండి. అక్కడ కుదరకపోతే హెడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. ఎన్‌హెచ్ఎస్ ఆస్పత్రి అయితే పాల్స్ అనే రోగుల సహాయ విభాగానికి అపాయింట్‌మెంట్ వివరాలతో రాయండి. అద్దె ఫ్లాట్ అయితే లాండ్‌లార్డ్‌కి, మేనేజింగ్ ఏజెంట్‌కి.

రద్దు చేస్తామని నోటితో చెబితే సరిపోదు, మెయిల్‌లో రాయించుకోండి. ఈ ప్రయత్నం నడుస్తుండగా అప్పీలు గడువు ఆగదు. రెండూ పక్కపక్కనే నడపండి.

4. రోజులు లెక్కపెట్టండి

ఓపిగ్గా చేయాల్సిన మెట్టు ఇది. రెండు సందర్భాలున్నాయి.

కెమెరా పట్టుకున్న కేసులో కారు మీద టికెట్ ఉండదు, నేరుగా ఇంటికి ఉత్తరం వస్తుంది. కీపర్‌ని బాధ్యుణ్ణి చేయాలంటే, పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు ఆ నోటీసు కీపర్‌కి అంది ఉండాలి. పోస్ట్‌లో పంపితే, పోస్ట్ చేసిన తర్వాత రెండో పనిదినానికి అందినట్టు చట్టం భావిస్తుంది.

ఉదాహరణ చూడండి. కారు ఆగింది మార్చి 3, సోమవారం. లెక్క 4వ తేదీ నుంచి మొదలు. 14వ రోజు మార్చి 17, సోమవారం. ఉత్తరం 13వ తేదీ గురువారం పోస్ట్ చేశారనుకుందాం. శుక్రవారం ఒకటి, మధ్యలో శని, ఆదివారాలు లెక్కలోకి రావు, సోమవారం రెండు. అంటే 17న అందినట్టు, గడువులోనే ఉంది. అదే 14వ తేదీ శుక్రవారం పోస్ట్ చేసి ఉంటే 18న అందినట్టు లెక్క. గడువు దాటింది, కాబట్టి కీపర్ బాధ్యుడు కాదు. ఒక్క రోజు తేడాతో కేసు తిరిగిపోతుంది. నోటీసు మీద ఉన్న ఇష్యూ తేదీ, అసలు పోస్ట్ చేసిన తేదీ ఒకటే అయి ఉండాలనేమీ లేదు. కవరు దాచమన్నది ఇందుకే.

అద్దానికి టికెట్ అంటించిన కేసులో లెక్క వేరు. టికెట్ ఇచ్చాక 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లోపు, అంటే 29వ రోజు నుంచి 56వ రోజు మధ్యలో, కీపర్‌కి విడిగా నోటీసు అందాలి. టికెట్ చూడగానే అప్పీలు పెట్టేస్తే, కంపెనీ మీ పేరు తనంతట తాను కనుక్కోవాల్సిన పని మీరే చేసిపెట్టినట్టు. అందుకే అనుభవమున్నవాళ్ళు ఇలాంటి కేసులో 26వ రోజు వరకు ఆగి, అప్పుడు కీపర్‌గా అప్పీలు పెడతారు. 14 రోజుల తగ్గింపు పోతుందన్నది దీని ఖరీదు. మీ వాదన బలంగా ఉంటేనే ఆగండి.

ఒక పొరపాటు గురించి చెప్పాలి. "నాకు ఉత్తరం నెల తర్వాత వచ్చింది, గెలిచేశాను" అనుకునేవాళ్ళలో చాలామందిది లీజు కారు. 14 రోజుల గడువు డీవీఎల్‌ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) రికార్డులో ఉన్న కీపర్‌కి, అంటే లీజు కంపెనీకి, వెళ్ళే మొదటి నోటీసుకి. మీకు వచ్చేది తర్వాతి నోటీసు. అక్కడ చూడాల్సింది వేరు: మీకు పంపిన ఉత్తరంతో పాటు హైర్ అగ్రిమెంట్ కాపీ, మీరు బాధ్యత ఒప్పుకుంటూ సంతకం చేసిన పత్రం కాపీ, మొదటి నోటీసు కాపీ జత చేశారా? చేయకపోతే హైరర్ మీద, అంటే కారు అద్దెకు తీసుకున్న మీమీద, బాధ్యత రాదు. కంపెనీలు ఇవి జత చేయడం తరచూ మరచిపోతాయి. కొన్ని అద్దె సంస్థలు ఛార్జ్ తామే కట్టేసి మీ కార్డులోంచి తీసుకుంటాయి. ఆ సంగతి తెలిసిన వెంటనే "కట్టకండి, బాధ్యత నా పేరుకి మార్చండి" అని మెయిల్ పెట్టండి.

5. ఆధారాలు తీయండి

వీలైతే అదే స్థలానికి మళ్ళీ వెళ్ళండి. ప్రవేశం దగ్గర బోర్డు ఉందా, కారులో కూర్చుని చదవగలిగే ఎత్తులో ఉందా, ఛార్జ్ మొత్తం పెద్ద అక్షరాల్లో ఉందా, చెట్టు కొమ్మ అడ్డముందా చూసి ఫోటోలు తీయండి. రాత్రి ఆపిన కేసైతే రాత్రే వెళ్ళి తీయండి. వెలుగు లేని బోర్డు ఫోటో పది వాక్యాల కంటే గట్టిది. ఎక్కువమంది రోడ్డు మీది నుంచి ఒక ఫోటో తీసి ఊరుకుంటారు. ప్రవేశం నుంచి కారు ఆగిన చోటు వరకు నడుస్తూ వీడియో తీస్తే బోర్డులు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో తెలిసిపోతుంది.

ఉత్తరంలోని కెమెరా ఫోటోలు కూడా జాగ్రత్తగా చూడండి. అవి గేటు లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్ళిన సమయం మాత్రమే. ఖాళీ కోసం తిరిగినంతసేపు, బయటికి వెళ్ళే క్యూలో ఆగినంతసేపు అందులో కలిసిపోతాయి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తే మధ్యలోని రెండు కదలికల్ని కెమెరా వదిలేసి, రోజంతా అక్కడే ఉన్నట్టు చూపించే కేసులూ ఉంటాయి. అప్పుడు మధ్యాహ్నం మీ కారు వేరే చోట ఉందని చూపే ఏ ఆధారమైనా సరిపోతుంది: ఫోన్ లొకేషన్ చరిత్ర, ఇంకో చోట పెట్రోలు బిల్లు, ఆఫీసు గేటు రికార్డు.

6. మొదటి అప్పీలు కంపెనీకి

నోటీసు తేదీ నుంచి 28 రోజుల్లో పెట్టాలి. కెమెరా కేసైతే 14 రోజుల్లోపు పెడితే మంచిది. తిరస్కరించినా చాలా కంపెనీలు తగ్గింపు ధరని మళ్ళీ ఇస్తాయి.

రాసేముందు మీ వాదన ఏమిటో తేల్చుకోండి. పనికొచ్చేవి ఇవి:

- షెడ్యూల్ 4 తేదీలు తప్పాయి, లేదా నోటీసులో ఉండాల్సిన మాటలు లేవు. కీపర్‌ని కట్టమని లేదా డ్రైవర్ పేరు చెప్పమని ఆహ్వానించాలి. 28 రోజుల తర్వాత కీపర్ మీద హక్కు వస్తుందని హెచ్చరించాలి. ఎంతసేపు ఆపారో రాయాలి. మీ ఉత్తరంలో ఇవి ఉన్నాయా అని పెన్సిల్‌తో గీస్తూ చదవండి.
- స్థలం షెడ్యూల్ 4 పరిధిలోకి రాదు. బైలాలు (ఆ స్థలానికంటూ చట్టం కింద పెట్టిన సొంత నియమాలు) వర్తించే విమానాశ్రయ రోడ్లు, రైల్వే స్టేషన్ స్థలాలు ఈ కోవలోవి. అక్కడ కీపర్ బాధ్యత అసలు పుట్టదు.
- బోర్డులు కనిపించవు, చదవలేము.
- గ్రేస్ సమయం ఇవ్వలేదు. రెండు సంఘాలూ కలిసి తెచ్చిన ఉమ్మడి కోడ్ 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బోర్డు చదివి ఉండాలా వద్దా తేల్చుకోడానికి కొన్ని నిమిషాలు, కట్టిన సమయం ముగిశాక బయటపడటానికి సాధారణంగా 10 నిమిషాలు ఇవ్వాలి.
- డబ్బు కట్టారు కానీ కారు నంబరు తప్పు కొట్టారు. సున్నా బదులు ఓ అక్షరం పడినట్టు చిన్న తప్పయితే ఛార్జ్ రద్దు చేయాలి. పెద్ద తప్పయితే, కట్టిన ఆధారం చూపిస్తే 20 పౌండ్లకి తగ్గించాలి. ఇది కూడా ఆ కోడ్‌లోదే.
- సిగ్నల్ లేక యాప్ పనిచేయక కట్టడం ఆలస్యమైంది. లోపలికి వచ్చి 5 నిమిషాల్లో కట్టలేదన్న ఒక్క కారణంతో ఛార్జ్ వేస్తున్నారని గొడవ అయ్యాక, 2025 ఫిబ్రవరిలో కోడ్ మార్చారు. కెమెరా ఉన్న చోట, బయటికి వెళ్ళేలోపు కట్టినవాళ్ళకి ఇప్పుడు రక్షణ ఉంది.
- మీ టెనెన్సీ అగ్రిమెంట్ పార్కింగ్ హక్కు ఇచ్చింది, పర్మిట్ పెట్టాలని అందులో ఎక్కడా లేదు.

పనికిరాని వాదన ఒకటుంది, పాత ఉత్తరాల నమూనాల్లో ఇంకా కనిపిస్తుంది: "మీకు నష్టం రెండు పౌండ్లే, వంద ఎలా అడుగుతారు?" ఆ తలుపు మూసుకుపోయింది. చెమ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల ఉచిత పార్కింగ్‌లో 56 నిమిషాలు ఎక్కువ ఆగిన బీవిస్ కేసులో, 85 పౌండ్ల ఛార్జ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2015 నవంబర్ 4న తీర్పిచ్చింది. అయితే అక్కడ బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయన్నది ఆ తీర్పుకి ఒక ముఖ్య ఆధారం. మీ స్థలంలో బోర్డులు అలా లేకపోతే ఆ తేడా చూపించండి.

ఉత్తరం ఇంగ్లీషులో వెళ్ళాలి. సారం ఇలా ఉండాలి, భాష మీది:

"ఫలానా నంబరు కారుకి నేను కీపర్‌ని. ఫలానా నోటీసుని సవాలు చేస్తున్నాను. డ్రైవర్ ఎవరన్నది చెప్పడం లేదు, చెప్పాల్సిన బాధ్యతా నాకు లేదు. పార్కింగ్ ఫలానా తేదీన జరిగింది, నోటీసు ఫలానా తేదీన అందింది. షెడ్యూల్ 4లోని 9వ పేరా గడువు దాటింది కాబట్టి కీపర్‌గా నేను బాధ్యుణ్ణి కాను. అదీగాక ప్రవేశం దగ్గర బోర్డు లేదు, ఫోటోలు జతచేశాను. ఛార్జ్ రద్దు చేయండి. తిరస్కరిస్తే కారణాలతో పాటు స్వతంత్ర అప్పీలు వివరాలు పంపండి."

అంతే. అర పేజీ చాలు. టికెట్ అంటించిన కేసైతే పేరా నంబరు 9 కాదు, 8. పంపేముందు ఫారం స్క్రీన్‌షాట్ తీసుకోండి. పంపాక వచ్చే ధ్రువీకరణ మెయిల్ దాచండి. రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి, అక్కడా లేకపోతే పోస్ట్ ఆఫీసులో ఉచితంగా ఇచ్చే పోస్టింగ్ ప్రూఫ్ తీసుకుని ఉత్తరం పంపండి.

7. తిరస్కరిస్తే పోప్లా లేదా ఐఏఎస్

మొదటి అప్పీలు తిరస్కరించడం మామూలే, నిరాశపడొద్దు. పోప్లా అయితే తిరస్కరణ ఉత్తరంలో 10 అంకెల కోడ్ ఉంటుంది. దానితో 28 రోజుల్లో ఆన్‌లైన్లో అప్పీలు పెట్టండి. రుసుము లేదు. అక్కడ ఓడితే తగ్గింపు ధర ఉండదు, పూర్తి మొత్తం అడుగుతారు. గెలిస్తే కంపెనీ కట్టుబడాలి. ఓడితే మాత్రం మీరు కట్టుబడాలనే నియమం లేదు, కోర్టులో వాదించుకునే హక్కు మీకు అలాగే ఉంటుంది.

ఇక్కడ అర పేజీ సరిపోదు. ఒక్కో వాదనకి ఒక శీర్షిక పెట్టి, ఫోటోలు మధ్యలో చేర్చి, మొత్తం ఒకే పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయండి. తేదీలు, బోర్డులతో పాటు ఇంకో ప్రశ్న తప్పక వేయండి: ఈ స్థలంలో ఛార్జీలు వేయడానికి, కోర్టుకి వెళ్ళడానికి స్థలం యజమాని ఇచ్చిన ఒప్పందం చూపించండి అని. కొన్నిసార్లు ఆ కాగితం గడువు ముగిసి ఉంటుంది, కొన్నిసార్లు అసలు చూపించరు. ఏదైనా వాదన మొదట రాయకపోతే తర్వాత చేర్చనివ్వరు.

కొన్ని రోజులకి కంపెనీ తన ఆధారాల కట్ట పెడుతుంది. దానిమీద వ్యాఖ్య రాయడానికి పోప్లా 7 రోజులిస్తుంది. ఎక్కువమంది ఈ మెయిల్ చూడనే చూడరు. తప్పకుండా చూడండి. వాళ్ళు పెట్టిన బోర్డు ఫోటోలు ఏ సంవత్సరానివి? మ్యాప్‌లో చూపిన బోర్డులు నిజంగా ఉన్నాయా? మీ వాదనల్లో దేనికి జవాబివ్వలేదు? ఇవి రాయండి. కొన్నిసార్లు కంపెనీ ఏ ఆధారమూ పెట్టకుండా పోటీ విరమించుకుంటుంది. అది మీ గెలుపే.

"పిల్లకి ఒంట్లో బాగాలేదు", "ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం" లాంటి కారణాల మీద పోప్లా అప్పీలు ఒప్పుకోదు. అవి కంపెనీకీ షాపుకీ రాసేటప్పుడు చెప్పాల్సినవి. ఐఏఎస్‌లో వాహనదారులకు గెలుపు కష్టమని నా అభిప్రాయం. అక్కడికి వెళ్ళేది గట్టి కాగితం చేతిలో ఉన్నప్పుడే.

8. ఆ తర్వాత వచ్చే ఉత్తరాలు

రెండు అప్పీళ్ళూ ఓడి, మీరు కట్టకపోతే అప్పు వసూలు సంస్థల నుంచి ఎర్రక్షరాల ఉత్తరాలు వస్తాయి. మొత్తం 170 అవుతుంది, ఎందుకంటే 70 పౌండ్లు కలుపుతారు. వీళ్ళు బెయిలిఫ్‌లు కారు. ఇంటికొచ్చి సామాను తీసుకునే అధికారం వీళ్ళకి లేదు. వీటికి జవాబివ్వకపోయినా ఫరవాలేదు, కానీ పారేయకండి.

పట్టించుకోవాల్సినవి రెండే. ఒకటి లెటర్ బిఫోర్ క్లెయిమ్, అంటే కోర్టుకి వెళ్ళేముందు పంపే హెచ్చరిక ఉత్తరం. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి, మీ వాదన క్లుప్తంగా రాయాలి. రెండోది కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం. ఇది సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్ నుంచి వస్తుంది. ఇది వచ్చాక ఒక్క రోజు కూడా వృథా చేయొద్దు. ఫారం మీది ఇష్యూ తేదీకి 5 రోజులు కలిపితే అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో ఆన్‌లైన్లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్ (క్లెయిమ్ అందిందని కోర్టుకి తెలిపే ఫారం) పెట్టండి, డిఫెన్స్, అంటే మీ జవాబు, రాయడానికి గడువు 28 రోజులకి పెరుగుతుంది. కోర్టు ఫీజు, లాయరు ఖర్చు కలిపి ఈ క్లెయిములు సుమారు 250 పౌండ్ల దాకా ఉంటాయి. చిన్న క్లెయిముల విభాగంలో అవతలి పక్షం పెద్ద లాయరు ఖర్చులు మామూలుగా మీమీద పడవు, కాబట్టి బెదిరిపోవద్దు.

స్పందించకపోతే మాత్రం విచారణ లేకుండానే మీమీద తీర్పు వస్తుంది. దాన్నే సీసీజే అంటారు. నెల రోజుల్లోపు పూర్తిగా కట్టేస్తే రిజిస్టర్ నుంచి తీసేస్తారు, లేదంటే 6 సంవత్సరాలు ఉంటుంది. ఇల్లు అద్దెకు దొరకడం, ఫోన్ కాంట్రాక్ట్ రావడం, మార్ట్‌గేజ్ తెచ్చుకోవడం కష్టమవుతాయి. మనవాళ్ళకి ఇంకో సంగతి: యూకే వీసా దరఖాస్తుల్లో, అప్పు కట్టనందుకు సివిల్ కోర్టు తీర్పు మీమీద ఉందా అని అడుగుతారు. ఉంటే దాచకుండా రాయాలి. పార్కింగ్ ఛార్జ్ దానంతట అది వీసాని తాకదు. నిర్లక్ష్యం చేసి సీసీజే దాకా పోనిస్తే ఆ ప్రశ్నకి "ఉంది" అని రాయాల్సి వస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్దది పాత చిరునామా. మన విద్యార్థులు ఏడాదికి రెండు ఇళ్ళు మారతారు. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మారుస్తారు, వీ5సీ మీద మార్చరు. ఈ రెండూ వేర్వేరు రికార్డులు. పార్కింగ్ కంపెనీ డీవీఎల్‌ఏ నుంచి తీసుకునేది వీ5సీ చిరునామానే. నోటీసు, క్లెయిమ్ ఫారం అన్నీ పాత ఇంటికి వెళ్తాయి, మీకు తెలియకుండానే సీసీజే పడుతుంది. దాన్ని కొట్టేయించడానికి కోర్టు దరఖాస్తు రుసుమే 300 పౌండ్ల పైన. వీ5సీ చిరునామా మార్చడం ఉచితం, ఆన్‌లైన్లో అవుతుంది. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా కూడా ఉంది. అప్పీలు మధ్యలో ఇల్లు మారితే కంపెనీకి కూడా కొత్త చిరునామా రాసి పంపండి.

అమ్మానాన్నల్ని విమానాశ్రయంలో దింపి, డ్రాప్ ఆఫ్ రుసుము ఆన్‌లైన్లో కట్టడం మరచిపోవడం ఇంకోటి. హీత్రోలో గేటు ఉండదు, కెమెరా మాత్రమే. మర్నాడు అర్ధరాత్రి లోపు కట్టాలి. వీడ్కోలు హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. వెళ్ళేముందే ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి, లేదా ఆటోపే ఖాతా తెరుచుకోండి.

బ్లూ బ్యాడ్జ్ ఉంటే ఎక్కడైనా ఆపొచ్చనుకోవడం కూడా పొరపాటే. ప్రైవేటు స్థలంలో ఆ పథకం దానంతట వర్తించదు. వైకల్యం వల్ల ఎక్కువ సమయం పట్టి ఉంటే ఈక్వాలిటీ యాక్ట్ 2010 కింద సర్దుబాటు అడిగే హక్కు ఉంది, అప్పీలులో అది రాయండి.

సగం డబ్బు కట్టి "మిగతాది వాదిస్తా" అనడం, ఫోన్లో మాట్లాడి సరిపెట్టడం, నెట్‌లో దొరికిన నమూనాని తేదీలు కూడా మార్చకుండా పంపడం, ఇవీ తరచూ కనిపిస్తాయి. ఫోన్ వద్దు. అన్నీ రాతలోనే జరగాలి.

పని పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుంది

రద్దు చేశామని కంపెనీ నుంచి రాతపూర్వకంగా రావాలి, అందులో మీ నోటీసు నంబరు ఉండాలి. పోప్లాలో గెలిస్తే నిర్ణయం పీడీఎఫ్ దించుకోండి. కొన్ని వారాల తర్వాత కంపెనీ వెబ్‌సైట్లో నోటీసు నంబరు కొట్టి బాకీ ఏమీ లేదని చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. కట్టేయాలని నిర్ణయించుకుంటే కూడా రసీదు దాచాలి. అప్పు కింద దావా వేయడానికి కంపెనీకి 6 సంవత్సరాల గడువు ఉంది కాబట్టి ఈ కాగితాలన్నీ అప్పటిదాకా ఒక ఫోల్డర్‌లో ఉండనివ్వండి, ఇండియాకి తిరిగొచ్చినా సరే.

ఈ మధ్య ఇల్లు మారినవాళ్ళు క్రెడిట్ రిపోర్టు ఒకసారి ఉచితంగా చూసుకోండి. సీసీజే ఉంటే అందులో కనిపిస్తుంది. కనిపిస్తే తేదీ చూడండి: తీర్పు వచ్చి ఇంకా నెల దాటకపోతే, వెంటనే పూర్తిగా కట్టి రిజిస్టర్ నుంచి తీయించుకోవడమా, పాత చిరునామాకి పంపారన్న కారణంతో ఎన్244 ఫారం పెట్టి కొట్టేయించుకోవడమా అన్నది అదే వారంలో తేల్చుకోవాలి. సిటిజన్స్ అడ్వైస్‌లో, విద్యార్థులైతే యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రంలో, దీనికి ఉచితంగా సాయం చేస్తారు. వెళ్ళేటప్పుడు ఆ ఫోల్డర్ పట్టుకెళ్ళండి.